ధర దిగిందంటారు, ఎవరిది?

కొత్తపట్నం తీరంలో వేట మీద బతికేవారైనా, ఇటు మైదానంలో మిర్చీ పత్తీ వేసేవారైనా, ధరల సంగతి రాగానే అనే మాటలు కొన్నున్నాయి. వాటిలో సగం నిజం ఉంటుంది. చిక్కంతా మిగతా సగంతోనే.

అపోహ: ద్రవ్యోల్బణం తగ్గిందంటారు, కొట్లో ఏదీ తగ్గదు. లెక్కలు బూటకం.

లెక్క బూటకం కాదు, అది కొలిచేది ధర పెరిగే వేగాన్ని. వంద రూపాయల సరుకు నూట నాలుగై, మరుసటేడు నూట ఆరైతే ద్రవ్యోల్బణం దాదాపు సగానికి దిగినట్టే. సరుకు మాత్రం ఎక్కుతూనే ఉంది. 2016లో చట్టం సవరించి రిజర్వు బ్యాంకుకు అప్పగించింది కూడా ధరలు దించే పని కాదు. పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాలో ఉంచమన్నారు.

అపోహ: కూలి రేట్లు పెరగబట్టే ధరలు మండుతున్నాయి.

మిర్చి సాగులో కోతకూలి పెద్ద ఖర్చే, కాదనలేం. అయితే యార్డులో ధర తేలేది నిల్వలూ ఎగుమతులూ చూసి. ప్రభుత్వం ఇచ్చే కూలైతే ధరల వెనకాలే, అదీ ఆలస్యంగా నడిచింది. ఉపాధి హామీ కూలిని వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి సవరిస్తూ వచ్చారు: ఆంధ్రప్రదేశ్‌లో 2024-25లో 300 రూపాయలు, మరుసటేడు 307. ఆ సూచీలోని సరుకుల జాబితా 1983 నాటి ఖర్చుల సర్వే నుంచి తీసినది. 2025లో గానీ దాన్ని మార్చలేదు. సెల్‌ఫోన్ మన దేశానికి రాకముందటి ఖర్చులతో ఇన్నాళ్లూ కూలి కొలిచారన్నమాట!

కూలిని బిగించి చూసిన రోజులూ ఉన్నాయి. 1974లో ధరలు భగ్గుమంటే, పెరిగిన జీతాలనూ అదనపు కరువు భత్యంలో సగాన్నీ కేంద్రం నిర్బంధ డిపాజిట్లలోకి మళ్లించింది. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ జీతాలనూ ధరలనూ 90 రోజులు కదలనివ్వలేదు. అయినా 1974కల్లా అక్కడ ద్రవ్యోల్బణం రెండంకెలకు చేరింది.

అపోహ: ధరల మీద సర్కారు కన్నేసి ఉంచితే రైతుకూ మేలే.

ఆ కన్ను ఎక్కువగా కొనేవాడి జేబు మీదే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రోజూ ధరలు సేకరిస్తుంది. 2024 ఆగస్టులో ఆ జాబితా 22 సరుకుల నుంచి 38కి పెరిగింది. 2023 జులైలో టమాటా కొండెక్కితే మదనపల్లెలో కొని ఢిల్లీలో రాయితీ మీద అమ్మించారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి ధర కూలింది. అదే నెల వినియోగదారుల ధరల సూచీలో మసాలాలు కిందటేటికన్నా చవక. సూచీకి అది మంచి కబురు!

పత్తికి మద్దతు ధర ఉంది, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొంటుంది. మిర్చి కేంద్రం మద్దతు ధరల జాబితాలోనే లేదు. అందుకే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి, 2.58 లక్షల టన్నుల వరకు సాయానికి కేంద్రం ఒప్పుకుంది. అదీ సరుకు కొంటామని కాదు, అమ్ముడైన ధరకూ దానికీ మధ్య తేడా ఇస్తామని.

అపోహ: వేట నిషేధ భృతి ధరలతోపాటు పెరుగుతుంది.

పెరగదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులకు రాష్ట్రం ఇచ్చే భృతి 2019 నుంచి 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు. మధ్యలో డీజిలూ వలలూ ఎంత పెరిగినా అంకె కదల్లేదు, ఎందుకంటే దాన్ని ఏ సూచీకీ ముడిపెట్టలేదు. మళ్లీ కదలాలంటే మళ్లీ సర్కారు నిర్ణయమే కావాలి.