మంచుగడ్డపై హాకీ: టొరంటో జట్టువారి 1942 వ సంవత్సరపు పందెములు

సాయంకాలమున మైదానములో దుమ్ము రేపుచు హాకీ కఱ్ఱలు పట్టుకొని పరుగిడు మన బాలురకు హాకీ యనగా కాలిక్రింద నేల, కఱ్ఱముందు తెల్లని బంతి. కాని కెనడా దేశమున నెవ్వరేని హాకీ యని పలికినచో అది మంచుగడ్డపై నాడు ఆటయే. నేలపై నాడు హాకీకి వారు వేఱొక విశేషణము చేర్చి చెప్పవలసియుండును. అచ్చట శీతకాలమున చెఱువులు గట్టిగ పేరుకొనిపోవును. మన పిల్లలు కోతకోసిన చేలలో బంతులాడినట్లు అచ్చటి పిల్లలు ఆ గడ్డలపై ఆడుకొందురు. ఈ యాటను వృత్తిగ నాడు జట్లలో నొకదాని కథను ఈ సంచికలో వివరింపదలచితిమి. జయించిన జట్లు ప్రతి సంవత్సరమును గలవు. మేము చెప్పబోవు జట్టు మూడు పందెములు వరుసగ నోడి, ఇంకొక్కటి యోడిన సర్వము పోవు స్థితిలో నుండి లేచినది. అందుచేత దీనిని ఎన్నుకొంటిమి.

మొదట మంచు సంగతి. పెద్ద పట్టణములలో ఈ యాట చెఱువుపై కాక భవనములోపల జరుగును. నేల సిమెంటుతో కట్టి, అందు గొట్టములు పఱచి, వానిలో మిక్కిలి చల్లబఱచిన ఉప్పునీటిని పాఱింతురు. మంచినీరు గడ్డకట్టు చలిలో ఉప్పునీరు గడ్డకట్టదు గనుక అది గొట్టములలో తిరుగుచునే నేల వేడిని లాగివేయును. ఐసుక్రీము చేయునపుడు డబ్బాచుట్టును మంచుతో ఉప్పు వేయుట చూచినవారికి ఈ మర్మము సులభముగ బోధపడును. ఆ చల్లని నేలపై నీటిని పలుచగ పొరపొరగ చల్లగా ఇంచుమించు అంగుళము మందమున గడ్డ యేర్పడును. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టును ఱొమ్మెత్తు చెక్కగోడ యుండును.

ఆటగాండ్రు అడుగున ఉక్కు అంచులు బిగించిన జోళ్లు తొడిగి జాఱుచు పోవుదురు. వీనిని స్కేటులందురు. బంతికి బదులుగ నల్లని రబ్బరు బిళ్ల. దాని పేరు పక్. అంగుళము మందము, మూడంగుళముల అడ్డుకొలత గలిగి, మన పాత లెక్కలో పదునైదు తులముల తూకమునకు కొంచెము తక్కువగ నుండును. బిళ్లయైనందున ఎగిరిపడక మంచుపై జాఱును. ప్రతిపక్షమున ఆర్గురు మాత్రమే యొకసారి ఆడుదురు: గోల్‌కీపరు, ఇద్దఱు బ్యాకులు, ముగ్గురు ఫార్వర్డులు. ఆట మిక్కిలి వేగము గలది కావున ఎవ్వరును చాలసేపు నిలువజాలరు. కొలదిసేపు ఆడి బెంచీకి వచ్చి వేఱొకని పంపుదురు. తప్పుచేసినవాడు రెండు నిమిషములు వెలుపల కూర్చుండవలెను. అంతసేపు వాని జట్టు ఒక మనిషి తక్కువగ నాడును. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములు. ఈ పాటి తెలిసిన చాలును.

1941-42 లో ఉత్తర అమెరికాలోని జాతీయ హాకీ లీగునందు ఏడు జట్లుండెను. కెనడాలో టొరంటో, మాంట్రియల్. అమెరికాలో బోస్టను, షికాగో, డిట్రాయిటు, న్యూయార్కు రేంజర్సు, బ్రూక్లిన్. ప్రతిజట్టును మిగిలిన ఆఱింటిలో నొక్కొక్కదానితో ఎనిమిదిసార్లు, మొత్తము 48 పందెము లాడవలెను. గెలుపునకు రెండు మార్కులు, సమానమైన ఆటకు ఒకటి. శరత్కాలాంతమున మొదలైన ఆటలు వసంతమువఱకు సాగును. పిమ్మట మంచి జట్ల నడుమ అంతిమ పరీక్ష. అందు గెలిచినవారికి స్టాన్లీ కప్పు అను వెండిగిన్నె దక్కును. కెనడా గవర్నరు జనరలుగ నుండిన స్టాన్లీ ప్రభువు 1892 లో దాని నొసగెను.

టొరంటో జట్టునకు మేపుల్ లీఫ్సు అని పేరు. మేపుల్ ఆకు కెనడా వారి చిహ్నము. వారి బట్టలపై నది యుండును. వారి ఆటభవనము 1931 వ సంవత్సరము నవంబరులో తెరువబడెను. దానిని కట్టించిన కాన్ స్మైత్ 1941-42 నాటికి యుద్ధమునిమిత్తము సైన్యములో చేరియుండెను గనుక జట్టు భారము కోచ్ హాప్ డే భుజములపై బడెను. గోల్‌కీపరు టర్క్ బ్రోడా. కెప్టెను సిల్ యాప్సు.

ఈ యాప్సును గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు సాగజాలము. అతడు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున చదివినవాడు. ఆ విద్యాలయమును స్థాపించినవారు కెనడా బాప్టిస్టులు. 1874 లో కాకినాడకు వచ్చి మన తెలుగునాట పని నారంభించినవారును ఆ సంఘమువారే. యాప్సు 1936 లో బెర్లిను ఒలింపిక్కులలో గడతో దూకు పందెమున కెనడా పక్షమున పాల్గొని ఆఱవ స్థానమున నిలిచెను. ధ్యాన్‌చంద్ నాయకత్వమున మన హాకీజట్టు జర్మనీని 8-1 గ నోడించి బంగారుపతకము గొన్నది ఆ యుత్సవముననే. అతడు త్రాగడు, పొగపీల్చడు, దుర్భాషలాడడు. ఒండొరులను త్రోసికొనుచు నాడు ఈ యాటలో 1941-42 లో 38 పందెములాడి ఒక్క నిమిషమైనను శిక్ష పొందలేదు. మర్యాదగ నాడువారి కిచ్చు లేడీ బింగ్ బహుమానము ఆ యేడు అతనికే వచ్చెను. మఱుసటి యేడు కాలు విఱిగి కొన్నివారములు పడియున్నపుడు, తాను పనిచేయని దినములకు జీతము పుచ్చుకొనుట తగదని వేయి డాలర్లకు చెక్కు వ్రాసి స్మైత్ కీయబోయెననియు, ఆయన పుచ్చుకొనలేదనియు చెప్పుదురు.

ఇక పందెములు. 48 ఆటలలో టొరంటో 27 గెలిచి, 18 ఓడి, 3 సమానము చేసి 57 మార్కులతో రెండవదిగ నిలిచెను. మొదటివారు రేంజర్సు, 60 మార్కులు. డిట్రాయిటువారు గెలిచినవి 19 మాత్రమే. 42 మార్కులతో అయిదవ స్థానము. ఆనాటి పద్ధతి కొంత వింతయైనది: మొదటి రెండు జట్లును మొదటనే ఒకదానితో నొకటి తలపడవలెను. అట్లు టొరంటో రేంజర్సును నాలుగు రెండుగ గెలిచెను. ఆవలిప్రక్క డిట్రాయిటు క్రిందినుండి మాంట్రియల్‌ను, బోస్టనును పడగొట్టి వచ్చెను. ఏడు ఆటలలో ముందుగ నాలుగు గెలిచినవారిదే కప్పు. లెక్కలు చూచిన వారెల్లరు టొరంటోదే యనిరి.

ఏప్రిలు 4 వ తేదీన టొరంటోలోనే డిట్రాయిటు 3-2 గ గెలిచెను. 7 వ తేదీన 4-2. తొమ్మిదవ తేదీన డిట్రాయిటు పట్టణమున 5-2.

ఇట్లేల జరిగెను? డిట్రాయిటు కోచ్ జాక్ ఆడమ్సు తన జట్టు నేర్పునందు తక్కువదని యెఱుగును. కావున పక్‌ను కఱ్ఱతో నడుపుకొనుచు ఎదుటి బ్యాకుల నడుమనుండి పోవుట మాన్పించి, దూరమునుండియే దానిని టొరంటో మూలకు కొట్టి, వెంటనే అందఱును వెంటబడునట్లు నేర్పెను. ఎదురుగ వచ్చువానిని ఆపుటకు సిద్ధముగ నిలిచిన బ్యాకు ఇప్పుడు వెనుకకు తిరిగి పరుగిడవలెను. మంచుపై నిలిచినచోటనుండి తిరిగి వేగమందుకొనుట కష్టము. ముందే వేగముగ వచ్చుచున్నవానిదే పైచేయి. టొరంటో బ్యాకులలో బక్కో మెక్‌డొనాల్డ్ బలశాలి, ఎదురువచ్చువారిని పడవేయుటలో గట్టివాడు. కాని నెమ్మదిగ తిరుగువాడు. అతని బలమే యిచ్చట బలహీనత యయ్యెను.

డే ఏమి చేసెననగా, మెక్‌డొనాల్డ్‌ను బెంచీపై కూర్చుండబెట్టెను. అంతటితో నాగక గోర్డీ డ్రిల్లన్‌ను గూడ తొలగించెను. 1938 లో లీగంతటిలో ఎక్కువ మార్కులు సంపాదించినవాడు డ్రిల్లన్. ఆ యేడును టొరంటోలో మిక్కిలి గోలులు చేసినవారిలో నొకడు. అట్టివానిని తీసి, అంతగ పేరు పడని డాన్ మెట్జ్‌ను దింపెను. డాన్ అన్న నిక్ మెట్జ్ అప్పటికే జట్టులో నుండెను. పట్టణములో ఎంత గగ్గోలు పుట్టియుండునో ఊహించుకొనవచ్చును. గెలిచియుండనిచో ఈ మార్పును డే బుద్ధిహీనతగ చెప్పుకొనియుందురు. వేగము కావలసినచోట వేగముగలవారిని పెట్టుట న్యాయమే యని మాకు తోచుచున్నది. కాని ఆ న్యాయము డ్రిల్లన్ తల్లికి నచ్చియుండదు.

నాల్గవ ఆటకు ముందు డే గదిలో ఆటగాండ్రకు ఒక జాబు చదివి వినిపించెను. అది పదునాలుగేండ్ల బాలిక యొకతె వ్రాసినది. మీరు నాలుగును ఓడినచో మఱునాడు బడికి పోయి నా తోడివారి మొగము చూడజాలను అని దాని సారాంశము. జీతమునకై యాడు పెద్దవారికి కోచ్ యుపన్యాసముకంటె ఆ పిల్ల మాట సూటిగ తగిలెను.

ఏప్రిలు 12, డిట్రాయిటు. రెండవ భాగమున డిట్రాయిటు రెండు గోలులు ముందుకు పోయెను. టొరంటో రెండు చేసి సరిపెట్టెను. చివరిభాగమున డిట్రాయిటు మరల 3-2. అప్పుడు యాప్సు ఒకటి, ఆతని సాయమున నిక్ మెట్జ్ ఒకటి, 4-3. చివరి నిమిషములలో రిఫరీ డిట్రాయిటువారిపై శిక్షలు విధించెను. ఆట ముగియగనే ఆడమ్సు కోపము పట్టలేక మంచుపైకి దూకి రిఫరీపై చేయిచేసికొనెను. లీగు అధ్యక్షుడు ఫ్రాంకు కాల్డర్ అతనిని నిషేధించెను. తక్కిన ఆటలలో డిట్రాయిటు బెంచీయొద్ద అతడు లేకపోయెను. ఆ పన్నాగమును కనిపెట్టినవాడే దానిని నడుపుటకు లేడు. అప్పటికిని డిట్రాయిటు మూడింటికి ఒకటిగ ముందున్నది. ఆయన ఊరకున్న యెడల ఏమయ్యెడిదో!

పదునాల్గవ తేదీన టొరంటోలో 9-3. డాన్ మెట్జ్ ఒక్కడే మూడు గోలులు చేసెను. పదునాఱున డిట్రాయిటులో 3-0. మొదటిగోలు డాన్‌దే, బ్రోడా ఒక్కటియు లోనికి పోనీయలేదు. ఇప్పుడు మూడు, మూడు.

ఏప్రిలు 18 వ తేదీ శనివారమున టొరంటో భవనమున 16,218 మంది కూడిరి. ఇండ్లలోనివారు రేడియో పెట్టెల చుట్టును చేరిరి. మొదటిభాగమున గోలు లేదు. రెండవభాగమున డిట్రాయిటు సిడ్ హౌ ఒకటి చేసెను. ఇరువది నిమిషములు మిగిలియుండగ టొరంటో 0-1. మూడవభాగమున డిట్రాయిటు ఆటగాడొకడు శిక్షననుభవించుచుండ, ఒక మనిషి ఎక్కువగ నున్న సమయమున టొరంటో స్వీనీ ష్రైనర్ గోలు చేసి సరిపెట్టెను. కొన్ని నిమిషములకు పీట్ లాంజెల్ రెండవది. ముగియవచ్చునపుడు ష్రైనర్ మరల నొకటి. 3-1. యాప్సు కప్పు నందుకొనెను.

అటు పిమ్మట ఎనుబది యేండ్లకు మించెను. ఆ లీగులో మొదటి మూడు ఓడి తరువాతి నాలుగును గెలిచినవారు మఱి మూడు జట్లే: 1975 లో న్యూయార్కు ఐలాండర్సు, 2010 లో ఫిలడెల్ఫియా, 2014 లో లాస్ ఏంజెల్సు. వారు మువ్వురును ముందటి మెట్లపై చేసిరేకాని కప్పుకొఱకైన కడపటి పందెములలో కాదు. 2024 లో ఎడ్మంటన్ జట్టు కడపటి పందెములలో మూడు ఓడి, మూడు గెలిచి, ఏడవదానిని ఫ్లోరిడాకు 2-1 గ కోల్పోయెను. ఆ దినములలో టొరంటోలో కాపురమున్న మన తెలుగువారి యిండ్లలో సైతము 1942 మాట వినబడియే యుండును.

డ్రిల్లన్ ఆ మూడవ ఆట తరువాత టొరంటో పక్షమున మఱి యాడలేదు. అతనిని మాంట్రియల్‌కు అమ్మివేసిరి. అచ్చట నొక యేడాడి విరమించెను. కప్పు గెలిచిన జట్టులో అతని పేరు నున్నది. 1975 లో హాకీ మహనీయుల మందిరమున అతనికి స్థానమిచ్చిరి. మెక్‌డొనాల్డ్ మఱికొంతకాలము ఆడి, 1945 లో కెనడా పార్లమెంటు సభ్యుడయ్యెను. పిమ్మట పారీ సౌండ్ అను ఊరిలో పిల్లలకు ఆట నేర్పుచుండగ, వారిలో నొక బాలుని ఫార్వర్డుగ కాక బ్యాకుగ నాడుమని ప్రోత్సహించెను. ఆ బాలుడు బాబీ ఆర్. మంచుపై వెనుకకును ముందునకును వానివలె వేగముగ తిరిగిన బ్యాకు అంతకుముందు లేడని ఆట తెలిసినవా రందురు.