మేని దిశ – యంత్ర దృష్టి

ఎదుటి మనిషి ఏ దిక్కుకు తిరిగి నిలిచాడో తెలుసుకోవడానికి మనకు రెప్పపాటు చాలు. ముఖం కనిపించకపోయినా భుజాల తీరును, అడుగుల మొగ్గును బట్టి గ్రహిస్తాం. ఆ గ్రహణశక్తిని యంత్రానికి అలవరచడం మాత్రం కష్టసాధ్యం. కెమెరా తీసిన చిత్రం చదునైనది. దానికి పొడవు, వెడల్పులే గాని లోతు ఉండదు. లేని లోతును ఉన్న రేఖలను బట్టి ఊహించవలసి ఉంటుంది.

ఈ చిక్కు చిత్రకారులకు చిరపరిచితం. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం, చూపరికి మానవదేహం కనిపించే తీరులను తొమ్మిది స్థానాలుగా విభజించింది. ఎదురుగా నిలిచినది ఋజ్వాగతం, పక్కకు తిరిగినది పార్శ్వాగతం, వీపు చూపినది పృష్ఠాగతం. దేహం తిరిగేకొద్దీ ఒక భాగం కుదించుకొని మరొక భాగం విస్తరించి కనబడడాన్ని క్షయవృద్ధులన్నారు. హిందూపురానికి చేరువలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పును చూడండి. 16వ శతాబ్ది నాటి ఆ వర్ణచిత్రాలలో అనేకుల ముఖాలు పక్కకు తిరిగి ఉండగా, వక్షస్స్థలాలు కొంత మనవైపు మొగ్గి ఉంటాయి. ముఖం చూసే దిక్కు, మేను తిరిగిన దిక్కు ఒకటి కానక్కరలేదని అవి బోధిస్తాయి.

యంత్రం మొదట దేహంలోని కీలక బిందువులను గుర్తిస్తుంది. ముక్కు, కళ్లు, చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంట్లు, మోకాళ్లు, చీలమండలు కలిపి సాధారణంగా 17 బిందువులు. ఎదురుగా నిలిచినప్పుడు 40 సెంటీమీటర్లున్న భుజాల ఎడం, మనిషి 60 డిగ్రీలు పక్కకు తిరిగితే సుమారు 20 సెంటీమీటర్లుగా తోస్తుంది. కాని కుడికి తిరిగినా, ఎడమకు తిరిగినా ఆ ఎడం ఒక్కటే. అందుచేత ఏ చెవి కనిపిస్తున్నదో, ఏ భుజం చిత్రంలో ఏ వైపున ఉన్నదో కూడా పరిశీలించాలి. మనకు అభిముఖుడైన వాని కుడిభుజం చిత్రంలో ఎడమవైపున, వీపు చూపిన వానిది కుడివైపున ఉంటుంది.

ఇటువంటి విచక్షణను యంత్రం ఉదాహరణల ద్వారా నేర్చుకొంటుంది. 2020లో వెలువడిన మెబో అనే పరిశోధనలో సుమారు 55,000 చిత్రాలలోని 1,30,000 మంది మేని దిశలను మనుషులే గుర్తించి పెట్టారు. అందులో 360 డిగ్రీల వలయాన్ని 5 డిగ్రీల చొప్పున 72 భాగాలు చేశారు.

అయినా అన్ని బిందువులూ ఎల్లప్పుడూ కనిపించవు. ధర్మవరంలో గుంటమగ్గం ముందు కూర్చున్న నేతకారుని తలచుకోండి. కాళ్లు గుంటలో ఉంటాయి. నడుమును మగ్గం కప్పివేస్తుంది. వంగిన తల, భుజాలు మాత్రమే ఆధారాలు. అటువంటి భంగిమను ఎన్నడూ చూపని యంత్రం పొరబడే అవకాశం మెండు.

మగ్గం దగ్గర పొరబడితే పోయేదేమీ లేదు. రహదారి మీద అలా కాదు. విజయనగర ప్రభువులకు 1565 తరువాత రాజధానియైన పెనుకొండకు సమీపంలో, ఎర్రమంచి వద్ద 2019లో కార్ల ఉత్పత్తి ఆరంభమైంది. ఆ ప్రాంతం మీదుగానే 44వ జాతీయ రహదారి సాగుతుంది. పాదచారిని కెమెరాతో గుర్తించి తానే బ్రేకు వేసే ఏర్పాటు నేటి కార్లలో కొన్నింటికి ఉంది. తలపై గడ్డిమోపుతో దారి పక్కన నిలిచిన కూలి మనిషి రోడ్డు దాటబోతున్నదా, రోడ్డు వెంట నడవబోతున్నదా? ముఖాన్ని మోపు కప్పివేసింది. భుజాలు సగమే కనిపిస్తున్నాయి. ఇక మేను మొగ్గిన దిక్కే ఆమె ఉద్దేశానికి సూచన. అది ముందుగా తెలిస్తే వేగం తగ్గించే వ్యవధి చిక్కుతుంది. తెలియకపోతే నిండు ప్రాణానికే ముప్పు.

చిత్రసూత్రకారుడు లోకాన్ని చూచి స్థానాలను నిర్ణయించాడు. యంత్రానికి మనం చూపినదే లోకం. నేతకారుడు, గడ్డిమోపు మోసే స్త్రీ ఆ లోకంలో చోటు పొందినప్పుడే దాని చూపును మనం నమ్మగలం.