కారుకు తగిన ఫ్లయివీలు

కుమ్మరి సారెను ఎఱుగనివారు మనలో అరుదు. కుమ్మరి కఱ్ఱతో నాలుగుమార్లు త్రిప్పి విడిచిన పిమ్మట ఆ బరువైన చక్రము తనంతట తానే తిరుగుచుండును. ఈలోగా కుండ రూపొందును. పొందిన శక్తిని దాచుకొని, అవసరమైనపుడు వెచ్చించుటయే దాని గుణము. కారు ఇంజను వెనుక బిగించియుండు ఫ్లయివీలు చేయు పనియు ఇదియే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకమారు మాత్రమే బలమునిచ్చును. నడిమి వెలితిని పూరించి, ఇంజను ఆగకుండ త్రిప్పునది ఫ్లయివీలు. క్లచ్చి పలక ఆనుకొనునదియు దానిమీదనే.

కారు చురుకుగా ఉఱుకవలెనని కోరు యువకులకు మొదట తోచు ఉపాయము ఈ చక్రమును తేలిక చేయుట. ఇందలి లాభనష్టములను లెక్కవేసి చూతము.

8 కిలోల బరువు, 28 సెంటీమీటర్ల వ్యాసము గల బిళ్ళవంటి చక్రమును 5 కిలోలకు తగ్గించితిమనుకొందము. చిన్న కారులో, మొదటి గేరున ఇంజను 14 చుట్లు తిరిగినచో బండిచక్రము ఒక చుట్టు తిరుగుననుకొన్న, బండి బరువులో సుమారు 70 కిలోలు తగ్గినంత చురుకుదనము కలుగును. ఒక మనిషి దిగిపోయినట్లే! కాని అయిదవ గేరులో ఆ లాభము 4 కిలోలకు మించదు. ఇంజను బలము ఏమాత్రమును పెరుగదు. అది వేగమందుకొను తొందర మాత్రమే పెరుగును.

ఇక నష్టము. నిమిషమునకు 800 చుట్ల వద్ద ఆ 8 కిలోల చక్రము దాచుకొనునది 275 జౌళ్ల శక్తి. 5 కిలోల చక్రము దాచునది 172 జౌళ్లే. వేయి కిలోల కారును మనిషి మెల్లగా నడుచునంత వేగమునకు తెచ్చుటకే 500 జౌళ్లు కావలెను. కావున తేలికచక్రముతో బండి కదలించునపుడు ఇంజను ఆగిపోవును, లేదా క్లచ్చి అదరును. ఆగకుండుటకై ఇంజనును ఎక్కువగా త్రిప్పి క్లచ్చిని జార్చినచో పలక త్వరగా అరుగును.

ఇబ్రహీంపట్నము నుండి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాలకు పోవు బాటను తలచుకొనుడు. ఊరూర స్పీడు బ్రేకర్లు, ముందు పసుపు బస్తాల ట్రాక్టరు, అడ్డముగా మేకల మంద. ఎన్నిమార్లు ఆగి, ఎన్నిమార్లు కదలవలెను! పందెపు బాటపై ఒక్కమారు కదలి పరుగెత్తు బండికి నప్పిన చక్రము ఈ బాటకు నప్పదు.

అన్నిటికన్న ముఖ్యమైనది ప్రాణభయము. ఖర్చు తగ్గునని పాత పోత ఇనుప చక్రమునే లేతుపై చెక్కించువారు కలరు. తిరుగుడు రెట్టింపైనచో చక్రమును చీల్చు బలము నాలుగింతలగును. పోత ఇనుము సాగదు, ఒక్కసారిగా పగులును. ఆ ముక్కలు లోహపు తొడుగును, బండి నేలను చీల్చుకొని కూర్చున్నవారిని తాకగలవు. అందుచేతనే అమెరికాలోని పందెములకు ఎస్.ఎఫ్.ఐ. 1.1 అను పరీక్షా ప్రమాణమును ఏర్పరచిరి.

కనుక మేమిచ్చు సలహా ఇది. నిత్యము రహదారిపై నడుచు బండికి అసలు చక్రము కన్న కొద్దిగా మాత్రమే తేలికయైనది చాలును. అది ఆ ఇంజనుకే తయారైన ఉక్కు చక్రమై యుండవలెను. అల్యూమినియము చక్రమైనచో క్లచ్చి రాపిడికి ఉక్కు పలక బిగించియున్నదా యని చూడవలెను. బరువు అంచున తగ్గినదా, నడుమ తగ్గినదా యని అడుగవలెను. అంచున తగ్గిన కిలో, సగము దూరమున తగ్గిన కిలోకు నాలుగింతల మార్పు తెచ్చును. తూకము సరిచూపించి, క్రొత్త బోల్టులను నిర్ణీత బిగువుతో బిగింపవలెను. క్లచ్చి పలక మార్చునపుడే ఈ పనియు చేయించినచో గేరుపెట్టె దింపు కూలి ఒక్కమారే పడును. లోపల స్ప్రింగులు గల జంటచక్రములున్న బండ్లలో వాటిని మార్పక విడుచుటయే మేలు.

బాటను చూచి చక్రము నెన్నుకొనుడు. చక్రమును చూచి బాట మారదు.