నయాగరా: కంచెలు తొలగిన జలపాతం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళకు స్వదేశం నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు, వారికి చూపించదలచిన ప్రదేశాలలో నయాగరా పేరు లేకపోవడం అరుదు. న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాల నుంచి అది సుమారు 650 కిలోమీటర్ల దూరం. కారులో ఏడు గంటల ప్రయాణం. వేకువజామునే పులిహోర, పెరుగన్నం డబ్బాలలో సర్దుకొని బయలుదేరిన కుటుంబం సాయంకాలానికి జలపాతాన్ని చేరుతుంది. దారి పొడవునా కొండలు, అడవులు, పశువుల మేతబీళ్ళు, ద్రాక్షతోటలు కనువిందు చేస్తాయి. ఆ దారిలోనే వాట్కిన్స్ గ్లెన్, టొగానక్ అనే రెండు రాష్ట్రోద్యానాలు ఉన్నాయి. మొదటిదానిలో ఒకే ఇరుకు లోయలో పంతొమ్మిది చిన్న జలపాతాలు వరుసగా దర్శనమిస్తాయి. రెండవదానిలో 215 అడుగుల ఎత్తు నుంచి ఒకే ధార దూకుతుంది. తొందరపడి నేరుగా నయాగరాకు పరుగెత్తేవారు ఈ రెండింటినీ చూడకుండానే దాటిపోవడం శోచనీయం.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. నయాగరాలోని ప్రధాన జలపాతం ఎత్తు 188 అడుగులే. దారిలోని టొగానక్ దానికంటె ఎత్తైనది. చిత్తూరు సీమలోని తలకోన జలపాతం సుమారు 270 అడుగులు. కనుక ఎత్తును బట్టి లెక్కిస్తే నయాగరాకు ఇంత ప్రఖ్యాతి రావలసిన అవసరం లేదు. దాని గొప్పతనమంతా నీటి పరిమాణంలో ఉంది. నయాగరా నదిలో సగటున రెండు లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహిస్తుంది. మన ప్రకాశం బ్యారేజీ నుంచి రెండు లక్షల క్యూసెక్కులు వదిలారంటే అది వరదల కాలపు వార్త. నయాగరాకు అది నిత్యకృత్యం. కృష్ణా గోదావరులు ఋతుపవనాలను నమ్ముకొన్న నదులు. వర్షాకాలంలో ఉప్పొంగి వేసవిలో సన్నగిల్లుతాయి. నయాగరా వెనుకనైతే సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ అనే నాలుగు మహాసరస్సులు నిండు కుండలవలె నిలిచి ఉన్నాయి. వాటి నీరు ఈరీ సరస్సు నుంచి బయలుదేరి, 58 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి, అంటారియో సరస్సులో కలుస్తుంది. ఆ పొట్టి నదికి పెట్టిన పేరే నయాగరా. అది అమెరికా, కెనడా దేశాలకు సరిహద్దు కూడా.

నది నడుమ ఉన్న గోట్ ఐలాండ్ అనే దీవి ప్రవాహాన్ని రెండుగా చీలుస్తుంది. కెనడా వైపు గుర్రపు లాడం ఆకారంలో వంగిన హార్స్‌షూ జలపాతం, అమెరికా వైపు అమెరికన్ జలపాతం, దాని పక్కనే పెళ్ళికూతురి మేలిముసుగును తలపించే సన్నని బ్రైడల్ వెయిల్ ఉన్నాయి. నీటిలో పదింట తొమ్మిది వంతులు హార్స్‌షూ మీదుగానే దూకుతాయి.

సుమారు 12,000 సంవత్సరాల క్రితం, హిమయుగం ముగిసి మంచుపలకలు కరగినప్పుడు ఈ జలపాతం పుట్టింది. అప్పుడది ఇప్పుడున్న చోట లేదు. పదకొండు కిలోమీటర్ల దిగువన ఉండేది. నది అడుగున పైపొర గట్టిరాయి. దాని కింద బురద గట్టిపడి ఏర్పడిన షేల్ అనే మెత్తని రాతిపొర. దూకిన నీరు కింది పొరను తొలిచివేయగా, ఆధారం కోల్పోయిన పైరాయి విరిగి పడుతుంది. జలపాతం ఆ మేరకు వెనుకకు జరుగుతుంది. ఇలా వేల ఏళ్ళుగా వెనుకంజ వేస్తూ అది తవ్వుకొన్న దారే నేడు దిగువన కనిపించే లోతైన లోయ. ఒకప్పుడు ఏడాదికి ఒక మీటరుకు పైగా సాగిన ఈ కోత ఇప్పుడు దాదాపు ముప్పై సెంటీమీటర్లకు తగ్గింది. ఈ తగ్గుదలకు కారణం మానవుడే. అది తరువాత తేలుతుంది.

ఇంతటి ప్రకృతి వైభవాన్ని చూడటానికి ఒకప్పుడు పైకం చెల్లించవలసి వచ్చేదంటే నేటి యాత్రికులు నమ్మలేరు. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికా వైపు గట్లన్నీ వ్యక్తుల ఆస్తులైపోయాయి. పిండిమరలు, కాగితపు మిల్లులు ఒడ్డున బారులు తీరాయి. యజమానులు కంచెలు కట్టి, వాటిలో రంధ్రాలు చేసి, ఆ రంధ్రం గుండా జలపాతాన్ని చూడటానికి రుసుము వసూలు చేశారు. నది ఎవరిదీ కాకపోయినా, నదిని చూసే చోటు మాత్రం అమ్మకపు సరుకయింది. ఈ దుస్థితికి వ్యతిరేకంగా 1860ల చివరి నుంచి ఒక ఉద్యమం మొదలైంది. న్యూయార్కు నగరంలోని సెంట్రల్ పార్కును కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి రూపొందించిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ దీనికి ముందు నిలిచాడు. రచయితలు, చిత్రకారులు, శాస్త్రజ్ఞులు గొంతు కలిపారు. 1883లో న్యూయార్కు గవర్నరు గ్రోవర్ క్లీవ్‌లాండ్ భూసేకరణకు వీలు కల్పించే చట్టంపై సంతకం చేశాడు. దాదాపు 14 లక్షల డాలర్లు చెల్లించి రాష్ట్రం ఆ భూములను కొన్నది. 1885 జులై 15న నయాగరా ప్రజలపరమైంది. అమెరికాలో నేటికీ నిలిచివున్న రాష్ట్రోద్యానాలలో ఇదే అతి పురాతనమైనదిగా పేరు పొందింది. వాహనం నిలిపినందుకు రుసుము ఉంటుంది గాని, ఉద్యానంలో అడుగు పెట్టి జలపాతాన్ని చూడటానికి ఈనాటికీ ఏమీ చెల్లించనక్కరలేదు.

ఓమ్‌స్టెడ్, వాక్స్ 1887లో సమర్పించిన ప్రణాళిక సారం క్లుప్తంగా ఇది: నది దగ్గర అలంకారం వద్దు. అక్కడి చెట్లు, రాళ్ళు, నీరు ఉన్నవి ఉన్నట్లుగా ఉండనిచ్చి, మనుషులు నడవడానికి దారులు మాత్రం వేస్తే చాలునని వారి అభిప్రాయం. ఆ మాటను తరువాతివారు పూర్తిగా పాటించలేదు. భోజనశాల, అంగడి, పరిశీలన గోపురం ఒకటొకటిగా వెలిశాయి. అయినా గోట్ ఐలాండ్ కాలిబాటలలో ఉదయం పూట నడిచేవారికి ఆ తొలి ఆలోచన ఇంకా కొంత మిగిలే ఉందని తెలుస్తుంది.

కంచెలు తొలగిన పదేళ్ళకే మరొక ప్రశ్న తలెత్తింది. చూసే హక్కు ప్రజలకు దక్కింది. మరి నీటి శక్తి ఎవరిది? 1895లో ఇక్కడ భారీ జలవిద్యుత్కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. నికొలా టెస్లా కనిపెట్టిన ఏకాంతర విద్యుత్ పద్ధతి ద్వారా 1896 నవంబరులో ఆ విద్యుత్తు ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బఫెలో నగరానికి చేరింది. విద్యుత్తును దూరానికి పంపవచ్చునని లోకానికి రుజువు చేసిన ఘట్టాలలో ఇది ముఖ్యమైనది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం వద్ద మాచ్‌ఖండ్ నది నీటితో 1955 నుంచి విద్యుత్తు తీస్తున్న మనకు ఈ సందిగ్ధం కొత్తది కాదు. యంత్రానికి మళ్ళిన నీరు జలపాతంలో కనిపించదు.

ఈ పంచాయితీని తీర్చడానికి అమెరికా, కెనడాలు 1950లో ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు, యాత్రికులు చూసే వేళలలో కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతం మీదుగా వదలాలి. రాత్రివేళల్లో, శీతకాలంలో యాభై వేలు చాలు. మిగిలిన నీటిని రెండు దేశాలూ విద్యుత్తుకు వాడుకోవచ్చు. అంటే పట్టపగలు నోరు తెరిచి చూసే యాత్రికుడి ముందున్నది నదిలోని దాదాపు సగం నీరే. కోత తగ్గడానికి కారణం కూడా ప్రధానంగా ఇదే.

అయితే ఈ లెక్కలలో చేరని నష్టం ఒకటి ఉంది. కొత్త విద్యుత్కేంద్రపు జలాశయం కోసం టస్కరోరా అనే ఆదివాసీ జాతి నివాసభూమిలో సుమారు 550 ఎకరాలు తీసుకొన్నారు. వారు ప్రతిఘటించి న్యాయస్థానాలకెక్కారు. 1960లో సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పుతో విభేదించారు. ఏడాది తిరిగేసరికి కేంద్రం పని మొదలుపెట్టింది, భూమి నీట మునిగింది. ఒకరి కంచెను తొలగించి ప్రజల ఆస్తిని కాపాడిన రాష్ట్రమే, ఆ ప్రజలలోని బలహీనుల ఆస్తిని తీసుకోవడానికి వెనుకాడలేదు. ఉద్యానం గురించి చెప్పేవారు ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టడం న్యాయం కాదు.

1969లో మరొక వింత జరిగింది. అమెరికన్ జలపాతం కింద పోగుపడిన బండలను పరిశీలించడానికి సైనిక ఇంజనీర్లు ఎగువన తాత్కాలికంగా కట్ట వేసి, జూన్ నుంచి నవంబరు దాకా ఆ పాయను పూర్తిగా ఆపివేశారు. నీరులేని కొండచరియను చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. బండలను తొలగిస్తే ధార మరింత ఎత్తు నుంచి పడి అందగిస్తుందని కొందరు ఆశించారు. ఏళ్ళ తరబడి చర్చించిన పిమ్మట, అందానికి మెరుగులు దిద్దే పని మానుకొని బండలను అలాగే వదిలివేయాలని నిర్ణయించారు. వివేకవంతమైన నిర్ణయం!

నేడు అక్కడికి వెళ్ళేవారు ముందుగా గోట్ ఐలాండ్ చివర టెరాపిన్ పాయింట్‌లో నిలబడితే, హార్స్‌షూ అంచున పచ్చని నీరు వంగి విరిగే తీరు అతి సమీపంగా కనబడుతుంది. నీలిరంగు వానకోట్లు ధరించి మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవలో తుంపరల నడుమకు పోవచ్చు. 2020 నుంచి ఈ పడవలు విద్యుత్తుతో నడుస్తున్నాయి. భారతీయ పాస్‌పోర్టు మాత్రమే ఉన్నవారు వంతెన దాటి కెనడా వైపు వెళ్ళాలంటే ప్రత్యేకంగా వీసా ఉండాలి. ఆ సంగతి తెలియక వంతెన మొదట్లో వెనుదిరిగే పెద్దలు ఎక్కువే. రాత్రి రంగుదీపాలు వెలిగాక జనం గట్టు వెంట చేరుతారు. వేసవిలో పది గంటలు దాటగానే ఎగువన నియంత్రణ ఆనకట్ట గేట్లు కదులుతాయి. ధార పలచబడుతుంది. దీపాల వెలుగులో ఆ తేడాను ఎవరూ గమనించరు.