పశువైద్య బాకీ: చట్టం, ధర్మం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పశువుకు జబ్బు చేస్తే రైతు మొదట ఆశ్రయించేది ప్రభుత్వ పశువైద్యశాలనే. అక్కడి చికిత్స ప్రధానంగా ఉచితం. 2017లో తెలంగాణలో మొదలైన 1962 సంచార వాహనాల సేవకూ రుసుము లేదు. బాకీ పుట్టేది ఈ సేవలు అందని వేళల్లో. అర్ధరాత్రి గేదె ఈనలేక ఇబ్బంది పడుతుంది. ప్రైవేటు వైద్యుడు వస్తాడు, మందులు ఉద్దెరకు వస్తాయి. "పత్తి అమ్మినంక ఇస్త సారూ" అన్న మాటే అక్కడ ఒప్పందం.

ఆ మాట నిలవకపోతే పశువును ఆపుకోవచ్చునా? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ ప్రకారం, తనకు అప్పగించిన వస్తువుపై శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించినవాడు ప్రతిఫలం అందేవరకు దానిని తనవద్ద ఉంచుకోవచ్చు. పట్టణంలో కుక్కను ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఈ వాదన కొంత పనికివస్తుంది. పల్లెలో వైద్యుడే పాకకు వెళతాడు. పశువు రైతు అధీనం దాటదు. కనుక ఆ హక్కు పుట్టనే పుట్టదు. ఒకవేళ పశువును వైద్యుని వద్దనే విడిచినా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం దాని క్షేమం ఎవరి సంరక్షణలో ఉంటే వారి బాధ్యత. పైగా పాడిగేదెను ఆపితే బాకీ తీర్చవలసిన పాలడబ్బే ఆగిపోతుంది.

దావాకు గడువు సాధారణంగా 3 సంవత్సరాలు. గడువులోగా బాకీని ఒప్పుకుంటూ రైతు సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది; నోటిమాటకు ఆ బలం లేదు. డిక్రీ వచ్చినా, రైతు జీవనానికి అవసరమని న్యాయస్థానం భావించిన పశువులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తునుండి మినహాయింపు ఇస్తున్నది. ఇక రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి చేసిన వైద్యానికి ఫీజు అడిగితే, 1984 పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ దృష్ట్యా ఆ దావా నిలవడం కష్టం.

అసలు నష్టం న్యాయస్థానం బయటనే జరుగుతుంది. బాకీపడిన రైతు మొహమాటంతో మళ్లీ ఫోన్ చేయడు. పొదుగువాపుకు మొదలుపెట్టిన యాంటీబయాటిక్ మధ్యలో ఆగుతుంది. ఒక చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. గూడూరు తండాలకో, పలిమెల అటవీ గ్రామాలకో వెళ్లాలంటే దారిఖర్చే ఎక్కువ. పశువైద్యం సేవ అని ఉపదేశించేవారు పెట్రోలు బంకులో ఉద్దెర లేదన్న సంగతి మరచిపోతారు.

అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు ప్రోత్సహించవలసినది చికిత్సకు ముందే ఖర్చు చెప్పడాన్ని, తెలుగులో చీటీ రాయడాన్ని. రైతు ఇష్టపూర్వకంగా సమ్మతిస్తే పాలబిల్లునుండి వాయిదాలు మినహాయించవచ్చు. ప్రాణాపాయవేళ మాత్రం పాత బాకీ ప్రస్తావన కూడదు. అది తెల్లవారాక తేల్చుకోదగినది. చీటీలో తేదీ, మందుల పేర్లు, మొత్తం, ఇరువురి సంతకాలతోపాటు పాలు ఎన్ని రోజులు కేంద్రానికి పోయరాదో కూడా రాయాలి.