సూదితో మన పేరు



సిద్దిపేట నేతగాళ్ళు మగ్గంపై గొల్లభామను నేస్తారు. మన చిన్నకోడూరు ఇళ్ళలో మగ్గం లేకపోయినా సూది, ఆరు పోగుల దారం, చిన్న ఫ్రేము ఉంటే బుటాపని నేర్చుకోవచ్చు.

ముందుగా మూడు కుట్లు నేర్చుకుందాం. వరుసగా గుచ్చి తీసేది రన్నింగ్ కుట్టు. వెనుకటి కుట్టు సగంలో, దాని ప్రక్కనే సూది పైకి లేస్తే కాడకుట్టు. దారాన్ని ఉచ్చులా పట్టి, అందులోంచి సూది లాగితే గొలుసుకుట్టు.

మన అక్షరాలు గుండ్రనివి. వాటికి కాడకుట్టు మేలు. తిన్నని గీతకు బియ్యపుగింజంత కుట్టు, మలుపులో అందులో సగం. పొడుగు కుట్లు వేస్తే సున్నాకు మూలలు వస్తాయి. రెండు పోగులే తీసుకోండి. దారం మూరెడు మించితే చిక్కుపడుతుంది.

ప్రత్యక్ష గుడారపు పనిలో తోడ్పడిన అహోలీయాబు బుటాపని చేసేవాడని నిర్గమకాండము 38:23 చెబుతున్నది. ఇది చిన్న పని కాదు.

మేము చెప్పదలచినది ఒకటే. మీ ఇంట వేలిముద్ర వేసే తల్లి ఉంటే, ఆమె పేరును పెన్సిలుతో గుడ్డపై గీసి ఇవ్వండి. కుట్టేకొద్దీ ప్రతి మలుపూ ఆమె చేతికి అలవాటవుతుంది. తరువాత అదే చేతికి కలం ఇవ్వండి.