వ్యాయామ శిక్షకుడు – సాధకుడు

ఇంటికి వచ్చి సంగీతము నేర్పు గురువులను మన మెరుగుదుము. నేడు పట్టణములలో ఒక్కొక్కరికి ప్రత్యేకముగా వ్యాయామము నేర్పువారును కలరు. ఈ పద్ధతి క్రొత్తది కాదు. శాండో బనీను అను మాటలో నేటికిని నిలిచియున్న పేరుగల యూజెన్ శాండో, 1897లో లండనులో వ్యాయామ సంస్థను నెలకొల్పి, వచ్చినవారి శరీరస్థితి ననుసరించి శిక్షణ నిప్పించెను. అయినను వ్యాయామము తెలిసినంత మాత్రమున ఈ వృత్తి సాగదు. సాధకుని విశ్వాసమును సంపాదించి నిలుపుకొనుట వేరొక విద్య.

ఈ వృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో మేము చేసిన పొరపా టొకటి చెప్పవలసి యున్నది. ఏబది యేండ్లు దాటిన గుమాస్తాగా రొకరు మాకడకు వచ్చుచుండిరి. ఓర్చుకొనువారిని మేము నలుగురిలో మెచ్చుకొనుచుంటిమి. ఆయాసపడువారిని చూచి పరిహాసమాడుచుంటిమి. ఒకనాడు బస్కీలు తీయుచు ఆయన కూలబడిరి. అంతకు మూడుదినముల నుండి మెట్లెక్కునపుడు రొమ్ము పట్టివేసినట్లుండెనట. ముందుగా ఏల చెప్పలేదని యడిగితిమి. “మీరు నవ్వుతారేమో నని” అనిరి. సకాలమున వైద్యుని చేరుటచే ప్రమాదము తప్పినది గాని, ఆ మాట మమ్ము విడువలేదు.

కావున మొదటిదినము శిక్షకుడు చేయవలసిన పని వినుట. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము, కీళ్లనొప్పులు, వాడుచున్న మందులు – వీనిని నెమ్మదిగా అడిగి తెలిసికొనవలెను. సందేహమున్నచో వైద్యుని అనుమతి పొందిన పిదపనే వ్యాయామము మొదలిడవలెను. తాను వైద్యుడు కాడని శిక్షకుడు మరువరాదు. విన్నదానిని ఇతరులతో చెప్పరాదు. భంగిమ సరిదిద్దుటకు చేయి వేయుటకు ముందు అనుమతి యడుగవలెను.

రెండవది, నిజము చెప్పుట. తొలి వారములలో బలము పెరుగుటకు ముఖ్యకారణము నాడులు కండరములను మరింత చక్కగా పనిచేయించుటయే. కండ పెరుగుటకు మరికొంత కాలము పట్టును. ఈ సంగతి ముందే చెప్పినచో సాధకుడు అద్దము చూచి నిరుత్సాహపడడు. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మితమైన శ్రమయు, కనీసము రెండుదినములు కండరములకు బలమిచ్చు వ్యాయామమును అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మితమైన శ్రమ యనగా మాటాడ వీలగును గాని పాట పాడ వీలు కాదు. రేడియోలో వచ్చు పాటతో గొంతు కలుప గలుగుచున్నచో శ్రమ ఇంకను తక్కువయే యని గ్రహింపవచ్చును.

మూడవది, ఒప్పందము. రుసుము, వేళలు, రాలేని దినముల లెక్క మొదటనే వ్రాసికొనుట ఉభయులకు క్షేమము. మొగమాటముతో ఊరకుండి తరువాత గొణుగుకొనుటచే స్నేహమును చెడును, వృత్తియు చెడును. మానివేసినవారిని నిందింపక, కారణ మడిగి, వ్యాయామమును వారి తీరికకు తగినట్లు మార్చి యిచ్చినచో పలువురు తిరిగి వత్తురు.

ఆ గుమాస్తాగారును వైద్యుని అనుమతితో కొన్ని నెలలకు తిరిగి వచ్చిరి. ఇప్పుడు లోనికి అడుగిడుచునే, “ఈవేళ మోకాలు బాగులేదండీ, బస్కీలు వద్దు” అని వారే చెప్పుచున్నారు. ఆ మాట వినబడిన నాడు మా పని సరిగా జరుగుచున్నదని మేము తలంతుము.